లా చేరే ముందు ఒక ఏడాది ఆగవచ్చా?

ప్రశ్న: మేడం, మాది కావలి దగ్గర పల్లె. బీకాం ఆరో సెమిస్టర్‌లో ఉన్నాను. మా బ్యాచ్‌లో కొందరు నాలుగో ఏడాది ఆనర్స్‌కి ఉండిపోతున్నారు, నేను మూడేళ్లకే డిగ్రీ తీసుకుని వచ్చేస్తున్నా. తర్వాత లా చేయాలని ఉంది, కానీ చదివీ చదివీ విసుగొచ్చింది, ఈసారి లా ప్రవేశ పరీక్ష లాసెట్ కూడా రాయకుండా ఒక ఏడాది ఆగుదామనుకుంటున్నా. ఖాళీగా ఉంటే సంబంధాలు చూస్తానంటున్నాడు నాయన. గ్యాప్ వస్తే తర్వాత సీటు ఇవ్వరా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఎందుకివ్వరమ్మా, ఇస్తారు. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి మూడేళ్ల డిగ్రీ చాలు, ఆనర్స్ అక్కర్లేదు. మార్కులు జనరల్ వాళ్లకి 45 శాతం, బీసీలకి 42, ఎస్సీ, ఎస్టీలకి 40 ఉండాలి. వయసు పరిమితి లేదు కాబట్టి ఉద్యోగాలు చేసి రిటైరైన వాళ్లు కూడా నీ పక్క బెంచీలో కూర్చోవచ్చు, వాళ్ల మధ్య నీ ఒక్క ఏడాది గ్యాప్ ఎవరి కంటికీ ఆనదు. కాలేజీ వాళ్లు కాగితం అడిగితే నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించి ఇస్తే సరి.

నాకు నచ్చనిదల్లా లాసెట్ మానేస్తాననడం. నీ పరీక్షలు వేసవికల్లా అయిపోతాయి, లా కౌన్సెలింగ్ చూస్తే ఈ మధ్య సెప్టెంబరు వస్తేగానీ తెమలడం లేదు, అంటే నువ్వు అడగకుండానే నాలుగైదు నెలల సెలవు వచ్చి పడుతోంది. ముందు అది వాడుకో. పరీక్ష అంటావా, గంటన్నరలో 120 ప్రశ్నలు, తెలుగులోనూ ఉంటాయి, నెగటివ్ మార్కుల్లేవు. సగం జీకే, కరెంట్ అఫైర్స్, మిగతా సగం రాజ్యాంగం, చట్టాల మీద మామూలు అవగాహన. ర్యాంకు ఆ ఏడాదికే పనికొస్తుంది, దాచుకోవడానికి లేదు, అయినా రాసి సీటు వద్దనుకుంటే పోయేది దరఖాస్తు ఫీజే కదా.

ఈలోగా ఎవరైనా వకీలు దగ్గర కూర్చో. స్టైపెండ్ అడగకు, బస్ ఛార్జీలు వస్తే గొప్ప. పొద్దున్నే కేసు కట్టలు సర్దడం, కోర్టులో బంట్రోతు పేరు పిలిచేదాకా గోడకానుకుని నిలబడటం, సాయంత్రం డైరీలో వాయిదాలు ఎక్కించడం, ఇంతే పని. రెండు నెలలు ఇది చేస్తే విసుగు పుస్తకాల మీదా, లా మీదా అన్నది తేలిపోతుంది. లా మీదే అయితే ఏడాది కాదు, మొత్తానికే ఆగిపో, తప్పేం లేదు.

జడ్జి కావాలన్న కోరిక ఉంటే మాత్రం ఒకటి గమనించు. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకి మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. చదువు మూడేళ్లు, ప్రాక్టీసు మూడేళ్లు, దాని మీద నీ గ్యాప్.

నాయన సంగతి. ఖాళీగా ఉన్న పిల్లకి సంబంధాలు చూస్తారు, రోజూ తొమ్మిదింటికి కోర్టుకి బయల్దేరే పిల్లకి కొంచెం తగ్గి చూస్తారు, మన ఇళ్లలో అంతే మరి. మీ ఊళ్లో రొయ్యల చెరువుల లీజు కాగితాలు రాసే వకీలు ఎవరో ఒకరు నాయనకి తెలిసే ఉంటారు, ఆయన దగ్గరికి తీసుకెళ్లి చేర్పించమని నాయననే అడుగు. తాను చేర్పించిన చోటికి వెళ్లొద్దని ఆయన అనలేడు.