రాత్రి వంటకు వారం పట్టిక నిజంగా పనికొస్తుందా?

ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంట్లో, సాయంత్రం ఇల్లు చేరగానే ‘ఈ రాత్రికి ఏం వండాలి?’ అన్న ప్రశ్నే సగం అలసట. పట్టిక ఆ ప్రశ్నను తప్పిస్తుంది. కాకపోతే అందులో కూర పేరు రాయకండి, వంట రకం మాత్రమే రాయండి: సోమవారం దోసెలు, మంగళవారం పప్పు, బుధవారం పులుసు. పప్పు అని ఉంటే చాలు, ఆ వారం తోటకూర లేతగా దొరికితే తోటకూర పప్పు, లేకపోతే దోసకాయ పప్పు. అందుకే ప్రతి వారం అదే పట్టిక తిరిగినా విసుగు రాదు.

అసలు లాభం ఒక రోజు పని మరో రోజుకు అందిరావడంలో ఉంది. ఆదివారం ఉదయం ఒక గ్లాసు మినపప్పు, మూడు గ్లాసుల బియ్యం, చెంచాడు మెంతులు నానబెట్టి సాయంత్రం రుబ్బితే సోమవారానికి పిండి పొంగి ఉంటుంది. మిగిలింది వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి. గురువారానికి కాస్త పులుపెక్కుతుంది. దోసెకన్నా ఊతప్పానికి ఆ పులుపే రుచి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి సన్నగా తరిగి, జీలకర్రతో పాటు పైన చల్లి, మూత పెట్టి సన్నని సెగ మీద కాల్చండి. చింతపండు గుజ్జు కూడా ఒకేసారి ఉడికించి తీసి పెట్టుకుంటే బుధవారం పులుసుకూ, శనివారం పులిహోరకూ సరిపోతుంది.

శుక్రవారం మాత్రం ఖాళీగా వదలండి. మిగిలిపోయినవి ఆ రోజే అయిపోవాలి. ఏమీ మిగలకపోతే ఆ రాత్రి వంట ఏమిటో పిల్లలను చెప్పమనండి.