తుంగ తీసేముందు ఇది చదువు

బుజ్జీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. బెంగళూరు సర్జాపుర దగ్గర మీ కొత్తింటి లాన్ నిండా తుంగ పట్టిందట, తోటమాలిని పెట్టుకోకుండా నువ్వే దిగి తీస్తానన్నావట. నా మేనకోడలు మట్టిలో చెయ్యి పెట్టడానికి వెనకాడలేదని ఎంత సంతోషపడ్డానో! అంతలోనే ఇంకో మాట అన్నాడు, అల్లుడు ఏదో కలుపుమందు కొని తెచ్చాడని. అప్పటినుంచి నాకు కంటిమీద కునుకు లేదు.

ముందు ఆ డబ్బా సంగతి తేల్చు. పారాక్వాట్ అని రాసి ఉంటే మూత కూడా తియ్యకండి. లోపలికి పోతే దానికి విరుగుడు మందు లేదు. మన ఊళ్లో ఒకాయన చేనుకి కొట్టగా మిగిలిన మందు కూల్‌డ్రింక్ సీసాలో పోసి గూట్లో పెట్టాడు. దాహంగా వచ్చిన ఇంటి పిల్లాడు తాగేశాడు. ఒక్క గుక్కేనమ్మా. మన చంటిది ఇప్పుడు పాకుతోంది, రేపు గూళ్లు అందుకుంటుంది. గ్లైఫోసేట్ అయితే అది తుంగనూ మీ పచ్చికనూ వేరుచేసి చూడదు, పచ్చగా ఉన్నదల్లా మాడ్చేస్తుంది. పైగా పెస్ట్ కంట్రోల్ వాళ్లు తప్ప వేరెవరూ దాన్ని కొట్టకూడదని 2022 అక్టోబరులో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. ఏదైనా సరే, సీలు తియ్యకముందే కొట్లో వెనక్కి ఇచ్చి రమ్మను. నేను చెప్పానని చెప్పు.

ఇక తుంగ. అది అసలు గడ్డి జాతే కాదు. కాడను వేళ్ల మధ్య తిప్పి చూడు, మూడు పలకలు తగులుతాయి. లాన్ కత్తిరించిన రెండు రోజులకే మిగతా పచ్చికను దాటి నిగనిగలాడుతూ లేచేది అదే. పైన పట్టుకుని లాగితే ఆకు చేతికొస్తుంది, గడ్డ కిందే ఉండిపోతుంది.

మీ మామయ్య ఏం చేశారో చెబుతాను. జేపీ నగర్ ఇల్లు కట్టిన కొత్తలో ముందు పచ్చిక వేయించాలని ఆయనకు మహా ఉబలాటం. ఓ మూల గుప్పెడు తుంగ కనబడింది. నేలంతా ఒకసారి గుల్ల చేయిస్తే చస్తుందనుకుని, జూన్‌లో వానలు పడి మట్టి మెత్తబడగానే పవర్ టిల్లర్ పిలిపించి జానెడు లోతు తిరగేయించారు. సాయంత్రం నడుం మీద చేతులు పెట్టుకుని ఆ నేలను ఎంత మురిపెంగా చూసుకున్నారో! వెంటనే మెక్సికన్ గ్రాస్ తెప్పించి పరిపించారు. నెల తిరక్కుండానే మూలనున్న తుంగ గేటు దాకా, తులసికోట దాకా లేచింది.

ఎందుకంటే దాని గడ్డలు మట్టిలో దారానికి గుచ్చిన పూసల్లా వరసగా ఉంటాయి. ఆ వరస తెగనంతవరకు కొసనున్నది మొలకెత్తుతుంటే వెనకవి చాలావరకు నిద్రపోతుంటాయి. తెగితే అవన్నీ లేస్తాయి. టిల్లర్ వాటిని తెంపింది, తెంపినవాటిని వాకిలంతా ఈడ్చింది, పైనుంచి వాన తడి ఇచ్చింది. అదే పని ఏ మార్చిలోనో నేల ఎండి ఉన్నప్పుడు చేసి, గడ్డలు ఏరి ఎండలో పడేస్తే చాలావరకు చచ్చేవి. ఎవరో చెప్తే కొంత మేర పచ్చిక పీకించి నల్ల ప్లాస్టిక్ కప్పించారు. సూదుల్లాంటి మొలకలు ఆ షీటునూ పొడుచుకుని పైకొచ్చాయి. పచ్చికకు పోసిన డబ్బంతా పోయింది. డబ్బుకంటే ఆయన ముఖం వాడిపోవడమే నాకు ఎక్కువ బాధనిపించింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి పొద్దున్నే పీట వేసుకుని కూర్చుని చేత్తోనే తీశారు. బాగా తగ్గింది. పూర్తిగా పోయిందని మాత్రం ఆయనా ఎప్పుడూ అనలేదు.

కాబట్టి టిల్లర్ మాట ఎత్తకు. ముందురోజు నీళ్లు పెట్టి, చిన్న గునపం మొక్క పక్కన లోతుగా దించి, గడ్డతో సహా ఎత్తు. మొలిచిన కొన్ని వారాలకే కొత్త గడ్డలు పెడుతుంది గనక రెండు వారాలకోసారి తిరిగి చూడాలి. గడ్డ అందకపోయినా పైమొక్క తీసెయ్, మళ్లీ మొలవాలంటే గడ్డలో దాచుకున్న బలమంతా ఖర్చు పెట్టుకోవాలి. తీసినవి కంపోస్టులో వెయ్యకు, మిద్దె మీద ఎండబెట్టు. మా నాయనమ్మ అలా ఎండిన తుంగముస్తలనే దంచి సున్నిపిండిలో కలిపేది. పండగపూట నలుగు పెడుతుంటే ఆ వాసనకి మీ నాన్న నీళ్లగది వదిలి వచ్చేవాడు కాదు.

పచ్చికను మరీ నేలబారుగా కత్తిరించకు. దట్టంగా నీడ పడితే తుంగ నీరసిస్తుంది. రోజూ కాసిని నీళ్లు చల్లే అలవాటూ వద్దు, ఆరనిచ్చి ఒకేసారి బాగా తడుపు. 2024 మార్చిలో తాగునీరు తోటలకు పోస్తే 5000 రూపాయల జరిమానా అన్నారు ఈ ఊళ్లో, మరిచిపోయావా? బట్టలు జాడించిన నీళ్లు చాలు.

ఖాళీలు పూడ్చడానికి ఎర్రమట్టి తెప్పిస్తే దింపించేముందు గుప్పిళ్లతో తీసి చూడు. పచ్చిక చదరాలైతే తిరగేసి చూడు. నల్లటి గడ్డ ఒక్కటి కనిపించినా బండిని వెనక్కి పంపెయ్, మొహమాటపడకు.

గరిక కూడా పాకిందన్నాడు మీ నాన్న. కణుపు కణుపుకీ వేరూనుతుంది, తీగ వెంటే వెళ్లి తియ్యి. కొంచెం కుండీలో పెట్టుకో, వినాయక చవితికి కొనక్కర్లేదు.

గోడవారన వయ్యారిభామ కలుపు ఉంటే తొడుగులు లేకుండా ముట్టుకోకు. దురదలు, దద్దుర్లు, కొందరికి ఆయాసం. పూతకు రాకముందే పీకాలి. 1984లో దాన్ని తినే మెక్సికో పురుగును ఈ బెంగళూరులోనే వదిలారు. వానాకాలంలో ఆకులు తింటూ కనిపిస్తుంది, చారల పురుగు, దాన్ని చంపకు.

వంగి చెయ్యకు తల్లీ, కాన్పు అయి ఇంకా ఏడాది కాలేదు. పీట వేసుకో. ఒక్కరోజులో అంతా తీసెయ్యాలని మంకుపట్టు పట్టావంటే నాకు కోపం వస్తుంది, ముందే చెబుతున్నాను. ఆదివారం ఎండెక్కకముందే వస్తాను, గేటు దగ్గర నుంచి మొదలుపెడదాం. ఈలోగా డబ్బా వెనక్కి ఇచ్చేశారని ఫోన్ చెయ్యి.

మీ అత్త