నల్లబడినా పుల్లగానే ఉన్న ఇండిగో రోజ్ టమాటాలు

మీ ఇండిగో రోజ్ కాయలు నల్లగా నిగనిగలాడుతున్నా, కోస్తే లోపల ఆకుపచ్చగా, తింటే పుల్లగా, వగరుగా ఉన్నాయని రాశారు. మొక్కకు జబ్బేమీ లేదు, కాయలు ఇంకా పండలేదు.

ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీ 2012లో విడుదల చేసిన ఈ రకంలో నలుపునిచ్చే ఆంథోసయనిన్ అనే రంగు పదార్థం ఎండ తగిలిన తొక్కలో మాత్రమే, అదీ కాయ పచ్చిగా ఉన్నప్పుడే ఏర్పడుతుంది కాబట్టి, ఆ రంగును చూసి పక్వాన్ని నిర్ణయించలేము. కాయను మెల్లగా పైకెత్తి నీడలో ఉన్న అడుగుభాగాన్ని పరిశీలించండి. అక్కడి ఆకుపచ్చ పూర్తిగా ఎరుపుగా మారి, పైన నిగనిగ తగ్గి, వేలితో నొక్కితే కొద్దిగా మెత్తగా తగిలినప్పుడే కోయాలి. ముచ్చిక రేకులు కప్పిన చోట నలుపు ఏర్పడదు గనుక, ఒక రేకును ఎత్తి చూసినా అసలు రంగు తెలిసిపోతుంది. నా దృష్టిలో ఇదే అన్నిటికన్నా నమ్మదగిన గుర్తు.

మీరు వేయాలనుకుంటున్న గ్రీన్ జీబ్రా అనే టమాటా రకం పండినా ఆకుపచ్చగానే ఉంటుంది. చారల మధ్య పసుపు ఛాయ వచ్చి మెత్తబడితే కోయవచ్చు.

పండిన ఇండిగో రోజ్‌ను తొక్క తీయకుండా, ఉడికించకుండానే తినండి, ఎందుకంటే ఎక్కువసేపు ఉడికిస్తే తొక్కలోని ఆ నలుపు రంగు నిలవదు.