పల్లె బడి పిల్లలకు సైన్సు పోటీలు, సందర్శనలు: పుంగనూరు మేడమ్ గారికి

మేడమ్, విహారయాత్రకు డబ్బుల్లేవని, పోటీల సంగతి గడువు దాటాకే తెలుస్తోందని రాశారు కదా. ముందు ఖర్చులేని ఇన్‌స్పైర్ మనక్ పట్టుకోండి, అది బడి పిల్లల సైన్సు ఐడియాలకు కేంద్ర ప్రభుత్వం నడిపే పథకం. బడికి ఐదు ఐడియాల దాకా పంపొచ్చు. ఎంపికైతే నమూనా తయారీకి 10,000 రూపాయలు నేరుగా ఖాతాలో పడతాయి, కాబట్టి ఖాతా లేని పిల్లలకు ముందే తెరిపించండి. నామినేషన్ బడి లాగిన్‌లోంచే వెళ్లాలి. పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో ఇవాళే కనుక్కోండి. హెచ్ఎం బదిలీ అయితే అదీ ఆయనతోపాటే బదిలీ అవుతుంటుంది!

ఐడియా మాత్రం మీరు రాసివ్వకండి. వాన పడితే మోగే అలారాలు ప్రతి ప్రదర్శనలోనూ బోలెడు. మీ వైపు చింతపండు కొట్టి గింజ తీసే ఇళ్లు ఎన్నో. ఆ పనిలో అమ్మకు వేళ్లెందుకు నొప్పెడతాయో పిల్లల్నే చూసి రమ్మనండి, అక్కడే ఐడియా దొరుకుతుంది.

సందర్శనకు తిరుపతిలోని ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం చాలు, ప్లానెటేరియం కూడా ఉంది. బడి పిల్లలకు టికెట్ ఎంతో ముందే ఫోన్ చేసి అడగండి. ఫిబ్రవరి 28 జాతీయ సైన్సు దినోత్సవానికి ల్యాబులు చూపిస్తారేమో అడుగుతూ తిరుపతి ఐసర్‌కు (కేంద్ర ప్రభుత్వ సైన్సు విద్యా, పరిశోధన సంస్థ) జనవరిలోనే హెచ్ఎం సంతకంతో ఉత్తరం పెట్టండి.