నాలుగున్నర శ్రుతిలో సెకండ్ వయొలిన్

అమ్మలూ, ఆశీస్సులు.

మీ నలుగురి క్వార్టెట్ బృందం పోలిష్ స్వరకర్త షిమనోవ్‌స్కీ రాసిన మొదటి స్ట్రింగ్ క్వార్టెట్ (రెండు వయొలిన్లు, వయోలా, చెల్లో కలిసి వాయించే రచన) ఎత్తుకుందని, నీకు సెకండ్ వయొలిన్ ఇచ్చారని అమ్మ చెప్పింది. మూడో భాగం చూసి టెన్షన్ పడుతున్నావట. నేను ఒకప్పుడు ఇదే పార్ట్ వాయించాను కనుక చెబుతున్నా.

ఆ భాగంలో నలుగురికీ నాలుగు కీ సిగ్నేచర్లు, అంటే ఒక్కొక్కరికీ ఒక్కో శ్రుతి. చెల్లోకి సి మేజర్, వయోలాకి ఈ ఫ్లాట్, నీకు ఎఫ్ షార్ప్, ఫస్ట్ వయొలిన్‌కి ఏ. మన లెక్కలో ఒకటి, రెండున్నర, నాలుగున్నర, ఆరు శ్రుతులు. వయొలిన్ చేతిలోకి తీసుకుని చూడు. ఎఫ్ షార్ప్ మేజర్‌లో జి, డి, ఏ, ఈ ఒక్కటీ లేవు. నీ నాలుగు ఖాళీ తీగల్లో ఏదీ నీకు ఆసరా కాదు. చెల్లోకి మాత్రం తన నాలుగు ఖాళీ తీగలూ సి మేజర్‌లోనే పలుకుతాయి. అందుకే నీకు తెలియకుండానే వేలు చెల్లో శ్రుతి వైపు జారుతుంది. నాకూ అలాగే జారింది. చెవికి హాయిగా ఉందని అందరం సంబరపడ్డాం. రికార్డింగ్ విన్నాక అర్థమైంది, అసలు అల్లరంతా పోయి చప్పగా మిగిలిందని.

కనుక వారం రోజులు శ్రుతి యాప్ నాలుగున్నరలో పెట్టుకుని, సగం వేగంలో ఒంటరిగా వాయించు. తర్వాత చెల్లో ఒక్కదానితోనే కూర్చో. వాళ్ల షడ్జానికి నీ షడ్జం ప్రతి మధ్యమం అవుతుంది. కల్యాణిలో ఆ స్వరాన్ని ఎంత ధైర్యంగా నిలబెడతావో ఇక్కడా అలాగే నిలబెట్టు. అది కుదిరాకే మిగతా ఇద్దరినీ పిలవండి. విల్లు మాత్రం నొక్కొద్దు. పైన ‘వివాచే, స్కెర్త్సాండో అల్లా బుర్లెస్కా’ అని ఉంటుంది, అంటే ఆటపట్టిస్తున్నట్టు వాయించాలి. గట్టిగా వాయిస్తే నిజంగానే అపశ్రుతిలా వినిపిస్తుంది.

రిహార్సల్ మాత్రం రెండో భాగంతో మొదలుపెట్టండి. దాన్ని పాటలాగా అనే రాశాడు షిమనోవ్‌స్కీ. నలుగురూ ఒకే ఊపిరి తీయడం అక్కడే అలవాటవుతుంది. అది లేకుండా మూడో భాగంలో విడిపోతే మళ్లీ కలవలేరు.

ఇంకో మాట. ఈ క్వార్టెట్ 1917లో రాశాడు, ఇప్పటి ఉక్రెయిన్‌లో ఉన్న తిమొషుఫ్కాలోని కుటుంబ ఎస్టేట్‌లో. రష్యా విప్లవంలో ఆ ఇల్లు ధ్వంసమైంది. చివర్లో ఒక ఫ్యూగ్ (ఒకే పల్లవిని ఒకరి తర్వాత ఒకరు అందుకునే రచన) పెట్టాలనుకున్నాడు, అది రాలేదు. వార్సాలో దీన్ని మొదటిసారి వినిపించేసరికి 1924 వచ్చింది. ఇదంతా చదివి మీ ఫస్ట్ వయొలిన్ విషాదంగా లాగితే ఒప్పుకోవద్దు. మొదటి భాగం నెమ్మదిగా, కలలా మొదలవుతుంది, నిజమే. అందులో తియ్యదనం ఉంది, ఏడుపు లేదు.

శనివారం వీడియో కాల్ చెయ్యి. పెన్సిల్, పార్ట్ దగ్గర పెట్టుకో. నా ఫింగరింగులు ఒక్కొక్కటీ చెబుతాను, రాసుకుందువు గాని.

మీ బాబాయి