వెండి కత్తిలో వెండి ఎంత?

ప్రశ్న: మేం బర్మింగ్‌హామ్‌లో ఉంటున్నాం. ఇక్కడ వేలంలో పన్నెండు మందికి సరిపడే పాత స్టెర్లింగ్ వెండి కట్లరీ సెట్ వచ్చింది. మొత్తం 4 కిలోలట. పెట్టుబడిగా కొనొచ్చా? రెండేళ్లలో హైదరాబాద్ వచ్చేస్తాం.

జవాబు: ముందు ఆ 4 కిలోల సంగతి తేల్చుకోండి. కత్తులు పక్కన పెట్టి మిగతావి తూచి చెప్పమనండి. పాత డిన్నర్ కత్తుల్లో చాలావాటికి పిడి మీద ఉండేది పల్చటి వెండి రేకు. లోపలంతా లక్కలాంటి ముద్ద, పదును వైపు ఉక్కు. చెవి దగ్గర పెట్టి ఊపితే ఒక్కోసారి గలగలమంటుంది కూడా. మనిషికి రెండు చొప్పున 24 కత్తులూ కలిపి 1.8 కిలోలు తూగాయనుకుందాం. ఇక లెక్కలోకి వచ్చేది 2.2 కిలోలే. స్టెర్లింగ్ అంటే వెయ్యికి 925 పాళ్లు కాబట్టి అసలు వెండి 2 కిలోల పైచిలుకు. 4 కిలోలనుకుని పాడితే దాదాపు సగం డబ్బు ఉక్కుకీ లక్కకీ పోసినట్టే.

నడిచే సింహం ముద్ర ఉంటే స్టెర్లింగ్. పక్కన లంగరు గుర్తుంటే మీ ఊళ్లోనే పరీక్ష చేసింది, 1773 నుంచీ అక్కడ ఆ పని జరుగుతోంది. ‘ఈపీఎన్ఎస్’ అని ఉంటే మాత్రం వెండి పూతే, ఎంత మెరిసినా వదిలేయండి.

వేలం ఖర్చులు చూడండి. పాట 1,000 పౌండ్ల దగ్గర ఆగినా, వేలం సంస్థ మీ దగ్గర తీసుకునే కొనుగోలుదారు రుసుం, దాని మీద వ్యాట్ కలిసి 1,250 దాటొచ్చు. తిరిగి అమ్మేటప్పుడు 15 శాతం కమీషన్ పోతుందనుకుంటే, పాట 1,470 దాకా వెళ్తేనే మీ అసలు మీకొస్తుంది. (సెట్ మొత్తం 6,000 పౌండ్ల లోపు అమ్ముడైతే అక్కడ లాభంపై పన్ను ఉండదు, అదొక్కటే ఊరట.)

ఇక హైదరాబాద్‌ తెస్తే, కస్టమ్స్ సంగతి అటుంచి, మన వెండి కొట్టులో విక్టోరియా కాలం ఫోర్కయినా మొన్న చేయించిన కంచమైనా ఒకటే. కరిగిస్తే ఎంతొస్తుందో అంతే కడతారు. పాతదనానికి మీరు పోసిన డబ్బు మీతో విమానం ఎక్కదు.

వెండి ధర మీద నమ్మకముంటే సిల్వర్ ఈటీఎఫ్ (షేర్లలా స్టాక్ మార్కెట్లో కొనే వెండి ఫండ్) కొనుక్కోండి. సెట్ మీద మనసైతే దాన్ని ఇంటి ఖర్చులో రాసి, వాడుకోవడానికే కొనండి. వాడేటప్పుడు ఉప్పు, చింతపండు పులుసు తగిలినవి రాత్రంతా సింకులో వదలకండి. కత్తుల్ని డిష్‌వాషర్‌లో అసలు వేయొద్దు, వేడికి లోపలి లక్క మెత్తబడి పిడి ఊడొస్తుంది.