లెఫ్ట్ ఫోర్ డెడ్ 2: రివ్యూలు పొగిడాయి, ఫ్యాన్స్ తిట్టారు. ఇప్పుడు కొనొచ్చా?

మీరు అడిగింది ఇదీ: ఈ జాంబీ గేమ్ (నలుగురు ఒక జట్టుగా జాంబీల గుంపుల్లోంచి బతికి బయటపడే వీడియో గేమ్) రెండో భాగానికి అప్పట్లో రివ్యూలన్నీ మంచి మార్కులే ఇచ్చాయి కదా, మరి మొదటి భాగం ఫ్యాన్సే దీన్ని బాయ్‌కాట్ చేయమని ఎందుకు గొడవ చేశారు? ఇన్నేళ్ల తర్వాత సేల్‌లో కొంటే దండగేనా?

మాది కావలి ఊరు. నెల్లూరులో బీటెక్ చదివిన నాలుగేళ్లలో క్లాసులో కూర్చున్న గంటల కంటే దీని ముందు కూర్చున్న గంటలే ఎక్కువేమో. కాబట్టి నా మాటలో కొంత పక్షపాతం ఉంటుంది, ముందే చెప్తున్నా.

మొదటి గేమ్ 2008 నవంబరులో వచ్చింది. ఏడు నెలలు తిరగగానే, 2009 జూన్‌లో, ఈ3 అనే వీడియో గేమ్‌ల ప్రదర్శనలో, దీన్ని తయారు చేసిన వాల్వ్ కంపెనీ రెండో భాగాన్ని ప్రకటించింది. అది కూడా అదే ఏడాది నవంబరులోనే విడుదల! అప్పటిదాకా వాల్వ్‌కు ఉన్న పేరు వేరు. గేమ్ ఒకసారి అమ్మితే చాలు, తర్వాత ఏళ్ల తరబడి ఉచితంగా కొత్త సరుకు ఇస్తూనే ఉంటారని అందరి నమ్మకం. అలాంటి వాళ్లు మొదటిదానికి సరిగ్గా ఏమీ ఇవ్వకముందే ఇంకోసారి డబ్బులు కట్టమంటే కొన్నవాళ్లకు మండింది. స్టీమ్‌లో (వాల్వ్ నడిపే ఆన్‌లైన్ గేమ్ షాపు) పెట్టిన బాయ్‌కాట్ గ్రూపులో 37 వేల మందికి పైగా చేరారు. డబ్బు ఒక్కటే కాదు, పగటి వెలుతురులో జాంబీలేంటి, జాంబీల గుంపు మీద పడేటప్పుడు ఆ ఫిడేలు సంగీతమేంటి, మొదటి గేమ్‌లో మనం ఆడే నలుగురు పాత్రల్ని తీసేసి ఈ కొత్త మొహాలేంటి అని చాలా పెద్ద చిట్టానే రాశారు. వాల్వ్ తెలివైన పని చేసింది. గ్రూపు నడిపే ఇద్దరిని తన ఆఫీసుకు రప్పించి గేమ్ ఆడించింది. బాగుందని వాళ్లే ఒప్పుకున్నారు. అక్టోబరుకల్లా గ్రూపు మూతపడింది.

ఇక రివ్యూలు. రివ్యూల మార్కులన్నీ కలిపి సగటు చెప్పే మెటాక్రిటిక్ సైటులో పీసీ వెర్షన్‌కు నూటికి 89. మొదటి భాగానికీ 89 గానే గుర్తు. ఇక్కడే అసలు తమాషా. రివ్యూ రాసినవాళ్లు ఈ అంకెను చూపించి 'చూశారా, ఎక్కడా తగ్గలేదు' అన్నారు. అలిగిన ఫ్యాన్స్ కూడా ఇదే అంకెను చూపించి 'ఎక్కడా పెరగలేదు, మేం చెప్పలా?' అన్నారు.

నా లెక్కలో రివ్యూలే ఎక్కువ కరెక్టు. మొదటిదాంట్లో 4 కథలుంటే ఇందులో 5. మొదటిదాంట్లో ఆ నాలుగూ దేనికది విడిగా ఉంటాయి. ఇందులో సవానా నగరంలో మొదలై న్యూ ఓర్లీన్స్ దాకా ఒకటే ప్రయాణం. మనుషులే జాంబీలై ఎదుటి జట్టు మీదకు వచ్చే వెర్సస్ ఆటలో మొదటి గేమ్ విడుదలప్పుడు రెండు కథలే ఆడనిచ్చారు, ఇందులో మొదటి రోజు నుంచే ఐదూ. వీటన్నిటి మీదా తుపాకీ అక్కర్లేని చేతి ఆయుధాలు: గొడ్డలి, పెనం, గిటారు, రంపం. మనకైతే అన్నిటికంటే గొప్పది, క్రికెట్ బ్యాట్! ఇలాంటి చేర్పులు చిన్నవిగా కనిపిస్తాయి కానీ ఆటే మారిపోతుంది. తూటాలు అయిపోతాయన్న టెన్షన్ లేకుండా గుంపులోకి దూరి వీపు వీపు ఆనించి నిలబడొచ్చు.

అయితే నేను రివ్యూ చదివి ఆడలేదు. 2013 క్రిస్మస్ రోజు వాల్వ్ ఈ గేమ్‌ను ఒక్కరోజు పాటు ఫ్రీగా ఇచ్చింది. మేం నలుగురం నెల్లూరు వీఆర్‌సీ సెంటర్ దగ్గర ఒక నెట్ సెంటర్లో కూర్చుని తలా ఒక స్టీమ్ అకౌంటు తెరిచి లాగేసుకున్నాం. డౌన్‌లోడ్ ఒక్క సిస్టమ్‌లో పెట్టి, రెండు రోజుల తర్వాత హార్డ్‌డిస్క్‌లో మిగతా వాటికి ఎక్కించాం. పైసా పెట్టకుండా ఆడినవాణ్ణి కాబట్టి, 2009లో డబ్బు పోసి కొన్నవాడి కడుపుమంటకు నేను తీర్పు చెప్పడం కూడా అంత న్యాయం కాదు.

జాంబీల పేర్లు మా నోట్లో వేరేగా ఉండేవి. ఆసిడ్ ఉమ్మే స్పిట్టర్ 'తాంబూలం'. వీపెక్కి స్వారీ చేసే జాకీ 'బేతాళుడు'. కూర్చుని ఏడ్చే విచ్ 'చిన్నమ్మ'. 'రేయ్, చిన్నమ్మ ఏడుస్తాంది, లైట్ ఆపండ్రా' అంటే సెంటర్లో పక్కన రైల్వే టికెట్ బుక్ చేసుకోవడానికి వచ్చిన పెద్దాయన ఉలిక్కిపడి తిరిగి చూశాడు ఒకసారి.

ఇందులో నాలుగో కథ పేరు హార్డ్ రెయిన్. పడవ నడిపే మనిషికి డీజిల్ తెచ్చిపెట్టాలి. ఒక ఊళ్లోంచి, మూతపడ్డ షుగర్ ఫ్యాక్టరీ మీదుగా బంకు దాకా వెళ్లి, డబ్బాలు తీసుకుని మళ్లీ అదే దారిలో వెనక్కి రావాలి. తిరిగొచ్చేటప్పుడు తుఫాను. వెళ్లేటప్పుడు నడిచిన వీధి నడుముల్లోతు నీళ్లు. గాలివాన ఒక్కసారిగా పెరిగితే పక్కనున్న మనిషి కనపడడు, మాట వినపడదు. ఇలా ఒకే దారిని రెండుసార్లు వాడుకోవడం కొందరికి పని తప్పించుకున్నట్టు అనిపిస్తుంది. మాకు అలా అనిపించలేదు. మాలో ఒకడిది కోవూరు. ఆ ఫ్యాక్టరీ, ఆ చెరకు తోట చూడగానే 'ఇది మావూరు రా మామా' అన్నాడు. కోవూరులోనూ షుగర్ ఫ్యాక్టరీ ఉండేది కదా మరి.

2015 నవంబరు వానలు మీకు గుర్తుండే ఉంటాయి. జిల్లా అంతా నీళ్లు, కరెంటు వచ్చేది పోయేది, కాలేజీకి సెలవులు. పాలప్యాకెట్ కోసం పొద్దున నడిచి వెళ్లిన వీధిలోనే సాయంత్రానికి మోకాళ్ల పైకి నీళ్లొచ్చాయి. అడుగు ఎక్కడ వేస్తున్నామో తెలియక గోడ పట్టుకుని నడిచాను. అప్పుడు గుర్తొచ్చింది ఈ గేమే. నవ్వుకోవాలో భయపడాలో అర్థం కాలేదు. తెలిసిన దారే తెలియకుండా పోవడాన్ని అంత బాగా పట్టుకున్న గేమ్ నేను ఇంకొకటి చూడలేదు. 2005లో కట్రీనా తుఫాను దెబ్బతిన్న న్యూ ఓర్లీన్స్‌ను జాంబీ ఆటకు వాడుకున్నారని అప్పట్లో అమెరికాలో విమర్శ కూడా వచ్చింది. మొదట్లో నాకది అనవసరపు రాద్ధాంతం అనిపించింది. 2015 తర్వాత అలా అనిపించడం మానేసింది. విమర్శతో పూర్తిగా ఏకీభవించను కానీ, ఆ మాట అన్నవాళ్ల బాధ ఎక్కడ మొదలైందో ఇప్పుడు తెలుసు.

రివ్యూలు తేలిగ్గా వదిలేశాయని నాకనిపించేది ఒకటుంది. ఒంటరిగా ఆడితే ఇది సగం గేమే. కంప్యూటర్ నడిపే ముగ్గురు తోడుంటారు, గురి బాగానే ఉంటుంది, కానీ బాంబు విసరరు, బ్యాటు పట్టరు. మొదటి కథ చివర కారులో పోయడానికి మాల్ అంతా తిరిగి 8 పెట్రోలు డబ్బాలు మోయాలి. ఎనిమిదీ మీరే మోయాలి, వాళ్లు ఒక్కటి కూడా ఎత్తరు. పెళ్లింట్లో కుర్చీలు సర్దేటప్పుడు చుట్టూ నిలబడే బంధువుల టైపు.

పాత నలుగురిని తీసేశారన్న కోపం మాత్రం తర్వాత చల్లారింది. 2010లో వచ్చిన ఒక అదనపు కథలో పాతవాళ్లు కొత్తవాళ్లను కలుస్తారు. మొదటి గేమ్ కథలన్నీ కూడా మెల్లగా ఇందులోకే తెచ్చేశారు. 2020 సెప్టెంబరులో ఫ్యాన్స్ తయారు చేసిన పెద్ద అప్‌డేట్‌ను వాల్వే అధికారికంగా విడుదల చేసింది. బాయ్‌కాట్ చేసినవాళ్లు అడిగింది ఇదే కదా, కాకపోతే వాళ్లు మొదటి గేమ్‌కు అడిగారు, రెండోదానికి దక్కింది. కాబట్టి మీరు ఒకటో భాగం విడిగా కొనక్కర్లేదు.

సేల్ వచ్చేదాకా ఆగండి. మా తమ్ముడికి బిర్యానీ ధర కంటే తక్కువకే వచ్చింది. గ్రాఫిక్స్ కార్డు లేని పాత ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. ముందు ఇంకో ముగ్గుర్ని పోగేసుకోండి, ఆ తర్వాత డబ్బులు కట్టండి. మా కోవూరు వాడు ఇప్పుడు బెంగళూరులో ఉన్నాడు, ఆదివారం రాత్రి పది తర్వాత దొరుకుతాడు. నాలుగో మనిషి తక్కువైతే ఇక్కడే కామెంట్ పెట్టండి.